కిడ్నీ చీటీలో ఫంగస్ మందు

1990ల్లో కిడ్నీ మార్పిడి చేయించుకున్న కొందరి మందుల చీటీ చూస్తే ఏ మెడికల్ షాపు కుర్రాడికైనా అనుమానం రావాల్సిందే. సైక్లోస్పోరిన్, ప్రెడ్నిసొలోన్, అజాథయోప్రిన్... ఇవన్నీ ఉండవలసినవే. వాటి కింద కీటోకొనజోల్, రోజూ ఒకసారి. రోగికి ఒంటి మీద తామర లేదు, గోళ్లకు ఫంగస్ లేదు. చుండ్రు షాంపూ సీసాల మీద ఇవాళ్టికీ కనిపించే ఆ పేరు కిడ్నీ డాక్టరు చీటీలోకి ఎందుకొచ్చినట్టు?

అది ఫంగస్ కోసం రాసిన మాత్ర కాదు. పైన ఉన్న సైక్లోస్పోరిన్ బిల్లు తగ్గించడానికి రాసింది. డాక్టర్లు తెలిసి, లెక్కగట్టి, ఒక మందు దుష్ప్రభావాన్నే రోగికి పనికొచ్చేలా మలచుకున్న ప్రయత్నమది. అమెరికాలో మొదలై ఈజిప్టు, ఆస్ట్రేలియా, దక్షిణాఫ్రికాల మీదుగా సాగింది. మన దేశంలోనూ నడిచింది. ఏ కంపెనీ ప్రకటనలోనూ దాని ఊసు లేదు.

సైక్లోస్పోరిన్ పుట్టుకలోనే ఫంగస్ ఉంది. స్విట్జర్లాండ్‌లోని శాండోజ్ కంపెనీ ఉద్యోగులు సెలవులకు ఎక్కడికెళ్లినా ఒక ప్లాస్టిక్ సంచిలో అక్కడి మట్టి పట్టుకొచ్చేవారు. అలా 1969లో నార్వేలోని హార్డాంగర్‌విడ్డా పీఠభూమి నుంచి వచ్చిన మట్టిలో ఒక ఫంగస్ దొరికింది. కంపెనీ వెతుకుతున్నది ఇతర ఫంగస్‌లను చంపే మందు కోసం. దాన్నుంచి తీసిన పదార్థం ఆ పనిలో అంతంత మాత్రమే. పక్కన పెట్టేయాల్సిందే. కానీ అది రోగనిరోధక కణాలను అణుస్తోందని 1972లో పరీక్షల్లో తేలింది. 1976లో జీన్ బోరెల్ బృందం ఆ ఫలితాలు ప్రచురించింది. 1978లో కేంబ్రిడ్జిలో సర్జన్ రాయ్ కాన్ కిడ్నీ రోగులకు ఇచ్చి చూశారు. 1983లో అమెరికా అనుమతి వచ్చింది. అంతకుముందు చనిపోయిన దాతల నుంచి తీసి అమర్చిన కిడ్నీల్లో ఏడాది తిరిగేసరికి దాదాపు సగం పాడైపోయేవి. సైక్లోస్పోరిన్ ఆ లెక్క మార్చేసింది.

చిక్కల్లా ధర దగ్గర వచ్చింది. ఆపరేషన్ ఖర్చు ఒక్కసారితో పోతుంది. ఈ మందు మాత్రం కొత్త కిడ్నీ పనిచేస్తున్నన్నాళ్లూ మింగాలి. అమెరికాలోనే ఏడాదికి వేల డాలర్లు. వెల్లూరు సీఎంసీలో 1971లో మన దేశపు తొలి విజయవంతమైన కిడ్నీ మార్పిడి జరిగింది. సైక్లోస్పోరిన్ వచ్చేనాటికి మనకు సర్జన్లకు కొదవలేదు, డబ్బుకే కొదవ. కిడ్నీ ఇవ్వడానికి తల్లి ముందుకొచ్చేది, ఆపరేషన్‌కు పొలమో పుస్తెలో అమ్మేవాళ్లు, ఆ తర్వాత నెలనెలా మందులకు చేతులెత్తేసేవాళ్లు. అందుకే చాలా చోట్ల ఏడాది పాటు సైక్లోస్పోరిన్ ఇచ్చి, ఆపైన మెల్లగా మాన్పించి, చవకైన రెండు మందుల మీద నడిపించడం అలవాటుగా ఉండేది. అలా మాన్పించాక కొన్ని కిడ్నీలు నిలిచేవి, కొన్ని పోయేవి.

కాలేయం దగ్గర కట్టడి

కీటోకొనజోల్ బెల్జియంలోని జాన్సెన్ ప్రయోగశాలలో తయారైంది. మాత్రగా 1981లో అమెరికాలో అనుమతి పొందింది. ఫంగస్ తన కణానికి పొర కట్టుకోవాలంటే ఎర్గోస్టెరాల్ అనే కొవ్వు పదార్థం కావాలి. దాన్ని తయారుచేసే ఎంజైమ్‌ను ఈ మందు పట్టి ఆపేస్తుంది. అయితే ఆ ఎంజైమ్‌ది సైటోక్రోమ్ పీ450 కుటుంబం. అదే కుటుంబానికి చెందిన ఎంజైమ్‌లు మనిషి కాలేయంలోనూ, పేగు గోడలోనూ ఉన్నాయి. వాటిలో సీవైపీ3ఏ4 అన్నది మనం మింగే మందుల్లో ఎన్నింటినో విరగ్గొట్టి బయటికి పంపే పని చేస్తుంది. కీటోకొనజోల్ దాన్ని కూడా వదలదు.

సైక్లోస్పోరిన్‌ను విరగ్గొట్టేది సరిగ్గా ఆ ఎంజైమే. మింగిన దాంట్లో చాలా భాగం రక్తంలోకి చేరకముందే పేగులోనూ, కాలేయంలోనూ ఖర్చయిపోతుంది. చిల్లుకుండలో నీళ్లు పోస్తున్నట్టన్నమాట. కీటోకొనజోల్ ఆ చిల్లు మూస్తుంది.

దీన్ని మొదట గమనించినవాళ్లు భయపడ్డారు. మిన్నెసోటా విశ్వవిద్యాలయం డాక్టర్లు 1982లో లాన్సెట్ పత్రికకు రాసిన విషయం ఒక హెచ్చరిక. కిడ్నీ మార్పిడి రోగికి ఫంగస్ కోసం కీటోకొనజోల్ ఇస్తే రక్తంలో సైక్లోస్పోరిన్ పెరిగిపోతోంది, జాగ్రత్త అని. భయం సబబే. సైక్లోస్పోరిన్ మోతాదు మించితే ఏ కిడ్నీని కాపాడాలని ఇస్తున్నామో దాన్నే దెబ్బతీస్తుంది. రక్తనాళాలు బిగుసుకుని, కిడ్నీ పనితీరును చెప్పే క్రియాటినిన్ పెరుగుతుంది, బీపీ ఎగబాకుతుంది.

అదే హెచ్చరికను సిన్సినాటిలో రాయ్ ఫస్ట్ బృందం తిరగేసి చదివింది. రక్తంలో మందు పెరుగుతోందంటే, తక్కువ మందుతోనే సరిపెట్టొచ్చన్నమాటేగా? కిడ్నీ మార్పిడి రోగులకు కావాలనే రోజుకు 200 మిల్లీగ్రాముల కీటోకొనజోల్ ఇచ్చి, సైక్లోస్పోరిన్ తగ్గించుకుంటూ వచ్చారు. మోతాదు 70 నుంచి 80 శాతం దాకా తగ్గింది. రక్తంలో మందు స్థాయి మాత్రం కావలసినంత ఉంది. 1989లో ఆ ఫలితాలూ లాన్సెట్‌లోనే వచ్చాయి. 1995లో సిడ్నీలోని సెయింట్ విన్సెంట్ ఆసుపత్రి గుండె మార్పిడి రోగుల్లో అదే పని చేసి చూపింది. ఏడాది చివరికి మోతాదు 80 శాతం తగ్గింది.

ఈ ఆలోచనను గట్టిగా పట్టుకున్నది మాత్రం ఈజిప్టు. నైలు నది డెల్టాలోని మన్సూరా పట్నంలో 1976లో మొహమ్మద్ ఘోనీమ్ దేశంలోనే తొలి కిడ్నీ మార్పిడి చేశారు. అక్కడి యూరాలజీ, నెఫ్రాలజీ కేంద్రం తర్వాత్తర్వాత ఆ ప్రాంతానికంతటికీ పెద్ద దిక్కయింది. రోగుల్లో ఎక్కువమంది రైతులు, చిన్న ఉద్యోగులు. దాతలు దాదాపు అందరూ బంధువులే. అక్కడి డాక్టర్లు సుమారు వంద మందిని చీటీ తీసినట్టు రెండు జట్లు చేశారు. ఒక జట్టుకు రోజుకు 100 మిల్లీగ్రాముల కీటోకొనజోల్ జోడించారు, రెండో జట్టుకు మామూలు పద్ధతే. ఏడాదితో ఆపలేదు, పదేళ్ల వరకు వెంబడి చూశారు. కీటోకొనజోల్ జట్టు కిడ్నీలు రెండో జట్టు కిడ్నీలకు తీసిపోలేదు. మందుల ఖర్చు మాత్రం బాగా తగ్గింది. ఆ చిన్న మోతాదులో కాలేయానికి చెప్పుకోదగ్గ హాని కనిపించలేదు.

టాక్రోలిమస్ వచ్చాక దానితోనూ ప్రయత్నించారు. జపాన్‌లోని త్సుకుబా పర్వతం మట్టిలోంచి 1984లో బయటపడ్డ మందది. ఇవాళ మన కిడ్నీ మార్పిడి రోగుల్లో ఎక్కువమంది వాడుతున్నదీ అదే. కీటోకొనజోల్ తోడయితే దాని మోతాదు సుమారు సగానికి తగ్గింది. కిడ్నీ మార్పిడితో పనిలేని పిల్లలకూ ఈ కిటుకు పనికొచ్చింది. నెఫ్రోటిక్ సిండ్రోమ్ వచ్చిన పిల్లలకు పొద్దున్నే కళ్ల కింద ఉబ్బు, మూత్రంలో నురగ, ప్రోటీన్ అంతా వెళ్లిపోవడం. స్టెరాయిడ్లకు లొంగని వాళ్లకు సైక్లోస్పోరిన్ ఇస్తారు. ఈజిప్టు పిల్లల డాక్టర్లు దానికి కీటోకొనజోల్ కలిపి మోతాదును సగం దగ్గరికి తెచ్చారు. 2004లో దక్షిణాఫ్రికాలోని కేప్‌టౌన్ డాక్టర్లు తమ అనుభవం రాస్తూ, పేద దేశాల్లో కిడ్నీ మార్పిడిని అందుబాటులోకి తెచ్చే మార్గంగా ఈ జోడీని చూపించారు.

ఇన్ని ఊళ్లలో ఇంత పని జరిగినా వేల మందితో ఒక పెద్ద అధ్యయనం జరగలేదు. జరగకపోవడంలో వింతేమీ లేదు. ఖరీదైన మందు తయారుచేసేవాడికి అది తక్కువగా అమ్ముడుపోవాలని ఉండదు. చవక మందు తయారుచేసేవాడికి అధ్యయనం మీద పెట్టుబడి తిరిగి రాదు. పదేళ్ల పాటు రోగులను వదలకుండా చూసిన మన్సూరా లాంటి ప్రభుత్వ కేంద్రం లేకపోతే మనకు తెలిసే విషయం ఇంకా తక్కువై ఉండేది.

రక్తం ఇచ్చాకే మాత్ర

చెప్పినంత తేలిక కాదు ఈ జోడీ. కీటోకొనజోల్ ఒంటికి పట్టాలంటే కడుపులో ఆమ్లం కావాలి. మార్పిడి రోగులకేమో స్టెరాయిడ్ వల్ల పుండు పడకుండా గ్యాస్ మాత్ర ఎలాగూ రాస్తారు. ఆ మాత్ర ఆమ్లాన్ని తగ్గిస్తే కీటోకొనజోల్ సరిగా ఎక్కదు. అది ఎక్కకపోతే సైక్లోస్పోరిన్ పడిపోతుంది. రోగి ఊరెళ్లి, ‘ఫంగస్ మందే కదా, నాలుగు రోజులు లేకపోతే ఏం’ అనుకుని ఆ ఒక్క మాత్ర మానేస్తే మరీ ముప్పు. అప్పటికే పావు వంతుకు దిగిన సైక్లోస్పోరిన్ ఒంట్లో ఉండీ లేనట్టవుతుంది. కొత్త కిడ్నీని శరీరం పరాయిదిగా గుర్తుపట్టడానికి ఆ సందు చాలు. కొలెస్టరాల్‌కు సిమ్వాస్టాటిన్ వాడేవారైతే అది రక్తంలో పేరుకుపోయి కండరాలు కరిగే ప్రమాదం కూడా ఉంది.

అందుకే ఈ వైద్యం మొత్తం లెవెల్ టెస్టు మీద, అంటే రక్తంలో మందు ఎంతుందో చూసే పరీక్ష మీద ఆధారపడి ఉంటుంది. మార్పిడి క్లినిక్ ఉన్న ఏ ఆసుపత్రి ల్యాబ్ ముందైనా ఉదయం ఎనిమిదింటికి చూడొచ్చు. మాస్కులు కట్టుకుని, చేతిలో నీళ్ల సీసా, చొక్కా జేబులో మాత్ర పెట్టుకుని కూర్చుంటారు. రాత్రి ఎనిమిదింటికి వేసుకున్న మాత్ర తర్వాత ఇంకేమీ వేసుకోకుండా రావాలి. ఊదారంగు మూత ఉన్న ట్యూబులోకి రక్తం తీశాకే జేబులో మాత్ర నోట్లోకి పోతుంది. పొరపాటున ముందే వేసుకుని వస్తే రిపోర్టులో అంకె ఎగిరి కూర్చుంటుంది, దాన్ని నమ్మి డాక్టరు మోతాదు తగ్గిస్తే కొంప మునుగుతుంది. ‘మీ క్రియాటినిన్ ఎంత?’ అని ఆ బల్లల మీద పలకరించుకున్నంత మామూలుగా ‘మీ టాక్ లెవెల్ ఎంత?’ అనీ అడుగుతుంటారు. ఆపరేషన్ అయి కొన్ని నెలలు గడిచినవారికి మిల్లీలీటరు రక్తంలో టాక్రోలిమస్ 5 నుంచి 10 నానోగ్రాముల మధ్య ఉంటే నిశ్చింత.

మన దేశంలో ఈ కీటోకొనజోల్ శకానికి ముగింపు పలికిన వాటిలో మొదటిది మన సొంత పరిశ్రమే. దేశీయ కంపెనీలు సైక్లోస్పోరిన్‌నూ, టాక్రోలిమస్‌నూ తయారుచేయడం మొదలయ్యాక ధరలు దిగొచ్చాయి. బీపీ మందు డిల్టియాజెమ్ కూడా అదే ఎంజైమ్‌ను కాస్త మెత్తగా అడ్డుకుంటుంది. బీపీ ఎలాగూ ఉంటుంది కాబట్టి ఒకే దెబ్బకు రెండు పనులు. చాలామంది డాక్టర్లు దానివైపు మళ్లారు. 2013 జులైలో కీటోకొనజోల్ మాత్రల మీద పెద్ద దెబ్బే పడింది. కాలేయం తీవ్రంగా దెబ్బతింటున్న కేసులు చూపించి అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ, వేరే దారి లేనప్పుడే వాడాలని కట్టడి పెట్టింది. అదే రోజు ఐరోపా సంస్థ, ఫంగస్ కోసం ఆ మాత్రలు వాడటం ఆపేయాలని సిఫార్సు చేసింది. షాంపూకూ, క్రీముకూ ఈ గొడవ లేదు. చర్మం మీద రాస్తే రక్తంలోకి చేరేది లెక్కలోకి రానంత.

ఇప్పుడు భయం తామరతో

డాక్టరు కావాలని చేసిన పని ఇప్పుడు రోగికి తెలియకుండా జరిగిపోతోంది. గత పదేళ్లుగా దేశమంతటా తామర విజృంభించింది. స్టెరాయిడ్ కలిపిన క్రీములు ఎవరికి వారే కొని రాసుకోవడం దానికి ఆజ్యం పోసింది. ఈ మొండి తామరకు కారణమైన ఫంగస్‌కు 2020లో ట్రైకోఫైటాన్ ఇండోటినియే అని పేరు పెట్టారు. దానికి పాత టెర్బినాఫిన్ మాత్ర తరచుగా పనిచేయడం లేదు. టెర్బినాఫిన్ వల్ల టాక్రోలిమస్‌కు పెద్దగా ఇబ్బంది లేదు. కానీ అది పనిచేయకపోయేసరికి చర్మ డాక్టర్లు ఇట్రాకొనజోల్ రాయాల్సి వస్తోంది. ఇట్రాకొనజోల్, కీటోకొనజోల్ బంధువులే. సీవైపీ3ఏ4ను అణచడంలో రెండూ గట్టివే.

తామర వచ్చిన మార్పిడి రోగి, కిడ్నీ సంగతి చెప్పకుండా చర్మానికి ఇట్రాకొనజోల్ తీసుకున్నాడనుకోండి. రోజులు గడవకముందే గ్లాసు పట్టుకుంటే చేయి వణుకుతుంది, షుగర్ ఎక్కుతుంది, పొటాషియం పెరుగుతుంది. క్రియాటినిన్ చూసి, శరీరం కిడ్నీని తిరస్కరిస్తోంది (రిజెక్షన్) అనుకుని కంగారుపడతారు. కారణం దొరికాక టాక్రోలిమస్ తగ్గిస్తారు. అక్కడితో అయిపోదు. తామర కోర్సు ముగిశాక, ఇట్రాకొనజోల్ ఒంట్లోంచి పోవడానికి మరికొన్ని రోజులు పట్టాక, తగ్గించిన మోతాదును మళ్లీ పెంచాలి. పెంచడం మరిస్తే ఈసారి నిజంగానే రిజెక్షన్. ‘నాకు కిడ్నీ మార్చారు’ అని మెడికల్ షాపులో, పళ్ల డాక్టరు దగ్గర, చర్మ డాక్టరు దగ్గర ముందే చెప్పుకోవడం అందుకే అంత అవసరం.

క్షయ వచ్చిన రోగిది దీనికి సరిగ్గా ఎదురు కథ. టీబీకి ఇచ్చే రిఫాంపిసిన్ ఆ ఎంజైమ్‌ను అణచదు, రెచ్చగొడుతుంది. సైక్లోస్పోరిన్ మోతాదు మూడు నుంచి అయిదు రెట్లు పెంచినా లెవెల్ అందని సందర్భాలున్నాయి. క్షయ ఇంతగా ఉన్న దేశంలో నెఫ్రాలజిస్టులు వేరే మందుల కలయికలు వెతుక్కోక తప్పదు. ఆ ఎంజైమ్‌ను అడ్డుకోవడంలో పండ్లు కూడా తక్కువవేం కాదు. కెనడాలో ఒక బీపీ మందు అధ్యయనంలో ఆల్కహాల్ రుచి తెలియకుండా గ్రేప్‌ఫ్రూట్ రసం కలిపి ఇస్తే, రక్తంలో మందు అమాంతం పెరిగింది. 1989లో అలా అనుకోకుండా బయటపడిందీ గుట్టు. గ్రేప్‌ఫ్రూట్ మన సంతల్లో అరుదే. కానీ దానికి పుట్టిల్లు పంపరపనస. గోదావరి జిల్లాల పెరళ్లలో కాసే ఆ పండులోనూ అదే రకం పదార్థాలున్నాయి. టాక్రోలిమస్ వాడేవాళ్లు ఒక్క తొన కూడా ముట్టకూడదు.

నిజంగా ప్రాణాంతకమైన ఫంగస్ వస్తే డాక్టరుకు ముందు నుయ్యి, వెనుక గొయ్యి. వోరికొనజోల్ గానీ పోసకొనజోల్ గానీ మొదలుపెడితే టాక్రోలిమస్‌ను మూడో వంతుకు దించాలి. వద్దనుకుంటే మిగిలేది ఆంఫోటెరిసిన్. 1950ల్లో వెనెజువెలా మట్టిలోంచి తీసిన ఆ మందు ఫంగస్‌ను చంపుతుంది, కిడ్నీని కూడా గాయపరుస్తుంది. కొవ్వు బుడగల్లో చుట్టిన లైపోసోమల్ రకం కొంత మేలు. 2021 వేసవిలో కొవిడ్ వెంట బ్లాక్ ఫంగస్ వచ్చినప్పుడు హైదరాబాద్ కోఠి ఈఎన్‌టీ ఆసుపత్రి నిండిపోయింది, ఈ మందు కోసమే కుటుంబాలు రోజుల తరబడి తిరిగాయి. సరిగ్గా అప్పుడే ఐఐటీ హైదరాబాద్ పరిశోధకులు ఆంఫోటెరిసిన్‌ను నానోఫైబర్లలో పెట్టి 60 మిల్లీగ్రాముల నోటి మాత్రగా తయారుచేశామని ప్రకటించారు. నెమ్మదిగా విడుదలై కిడ్నీకి హాని తగ్గాలన్నది దాని ఉద్దేశం. మొదట వాళ్లు ఆ పని మొదలుపెట్టింది కాలా అజార్ అనే జబ్బు కోసం.

కిడ్నీకి చిక్కు తెచ్చే ఈ మందులకు భిన్నంగా, ఫంగస్ మందుగా పుట్టి నేరుగా కిడ్నీ వైద్యంలోకి వచ్చింది రాపమైసిన్. 1964లో ఈస్టర్ ద్వీపానికి వెళ్లిన కెనడా బృందం తెచ్చిన మట్టిలోంచి మాంట్రియల్‌లోని అయెర్స్ట్ ప్రయోగశాలలో సురేన్ సెహగల్ దాన్ని వేరు చేశారు. ఇప్పటి పాకిస్తాన్‌లోని ఖుషాబ్ ప్రాంతంలో పుట్టి, బెనారస్ హిందూ విశ్వవిద్యాలయంలో ఫార్మసీ చదివినవాడాయన. కాండిడా అనే ఫంగస్ మీద మందు బాగా పనిచేసింది. కానీ రోగనిరోధక శక్తిని అణుస్తోందని తేలడంతో ఫంగస్ మందుగా పనికిరాకుండా పోయింది. 1980ల మొదట్లో ప్రయోగశాల మూతపడితే సెహగల్ ఆ మందునిచ్చే సూక్ష్మజీవిని పారేయలేక ఇంటికి పట్టుకెళ్లి, తినొద్దని చీటీ అంటించి ఫ్రీజర్‌లో దాచారు. పై అధికారులు మారాక మళ్లీ పని మొదలుపెట్టించారు. 1999లో సిరోలిమస్ పేరుతో అది కిడ్నీ మార్పిడి మందుగా అనుమతి పొందింది. అంతకుముందు దేన్ని లోపమన్నారో ఆ గుణం కోసమే.

ఆ ఊపులో దాన్ని పాలీసిస్టిక్ కిడ్నీ జబ్బుకు కూడా వాడి చూశారు. తల్లిదండ్రుల్లో ఒకరికి ఉంటే ప్రతి బిడ్డకూ సగానికి సగం వచ్చే అవకాశమున్న జబ్బు అది. కిడ్నీ నిండా నీటి తిత్తులు పెరిగి పెరిగి మామూలు కండ నొక్కుకుపోతుంది. ఎలుకల్లో రాపమైసిన్ తిత్తులను ముడిచేసింది. 2010లో మనుషుల మీద రెండు అధ్యయనాల ఫలితాలు ఒకేసారి వచ్చాయి. జ్యూరిచ్‌లో సిరోలిమస్ ఇచ్చిన రోగుల కిడ్నీలు, ఇవ్వనివారి కిడ్నీల లాగే పెరిగాయి. దాని తోబుట్టువు ఎవరోలిమస్ కిడ్నీ పరిమాణాన్ని కొంత నెమ్మదింపజేసినా పనితీరు పడిపోవడాన్ని ఆపలేకపోయింది. ట్యూబరస్ స్క్లెరోసిస్ అనే మరో జన్యు జబ్బులో కిడ్నీ కణుతులను మాత్రం కుదించింది. 2012లో ఆ పనికి అనుమతి కూడా వచ్చింది.

ఇప్పుడు వరుసలో ఉన్నది సైక్లోపిరాక్స్. గోళ్ల ఫంగస్‌కు పూసే మందు, కొన్ని షాంపూల్లోనూ కలుపుతారు. కణంలోని ఇనుమును పట్టుకుని ఫంగస్‌ను ఆకలికి మాడ్చడం దాని తీరు. పాలీసిస్టిక్ జబ్బు ఉన్న ఎలుకలకు అది ఇస్తే తిత్తుల భారం తగ్గిందని, కణాలు తమలో ఇనుమును నిల్వచేసే ప్రోటీన్‌ను విరగ్గొట్టుకునే ప్రక్రియ దాని వెనక ఉందని 2021లో అమెరికా శాస్త్రవేత్తలు ప్రచురించారు. రాపమైసిన్ కూడా ఎలుకల్లో ఇంత ఆశా చూపించిందన్న సంగతి ఆ రంగంలో ఎవరూ మరిచిపోలేదు. ప్రస్తుతానికి ఆ జబ్బు వేగాన్ని తగ్గించడానికంటూ అమెరికాలో అనుమతి పొందింది టోల్వాప్టాన్, అదీ 2018లో. దాన్ని కాలేయంలో విరగ్గొట్టేదీ సీవైపీ3ఏ4 ఎంజైమే. కీటోకొనజోల్ వాడుతున్నవారికి ఇవ్వరాదని దాని పెట్టెలోని కాగితం మీద అచ్చేసి ఉంటుంది.